దూదేకులవారు, హబ్షీలు, సయ్యదులు: పాలమూరు ముస్లిములలో అంతస్తుల చరిత్ర

హైదరాబాదు నుండి మహబూబ్‌నగర్, దేవరకద్ర, మరికల్ మీదుగా రాయచూరు పోయే బాటపై, కృష్ణానది ఇంకా కొద్ది దూరం ఉందనగా తగిలే ఊరు మక్తల్. నిజాం పాలనలో అది తాలూకా కేంద్రం. పాలమూరుకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేర మహబూబ్‌నగర్ అను పేరు 1890లో వచ్చినది. 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేట జిల్లాలోకి మక్తల్ చేరినది. ఏలికలు మారినా, జిల్లాలు మారినా నేల మారలేదు. ఎర్రచెలకల నడుమ నల్లరేగడి, ఆ రేగడిలో జొన్న, కంది, పత్తి. పత్తి పండినచోట పత్తితో బ్రతికే వృత్తులు ఉంటాయి. వాటిలో ఒకటి ముస్లిములది. దూదిని ఏకే ఆ వృత్తివారిని తెలుగువారు దూదేకులవారు అన్నారు. కృష్ణ ఆవలి గట్టున కన్నడదేశంలో వారే పింజారులు, నదాఫులు. తెలంగాణలో లద్దాఫ్ అని, కోస్తాలో నూర్‌బాష్ అని కూడా పిలుస్తారు.

ముస్లిముల అంతస్తుల గురించి మాట్లాడవలసి వచ్చినపుడు మన ఉపన్యాసకులు సాధారణంగా ఒక వాక్యంతో ముగిస్తారు: ఇస్లాంలో కులం లేదు. ధర్మం విషయంలో ఆ మాట నిజం. అయితే ధర్మం చెప్పినది వేరు, దానిని నమ్మిన సమాజం ఆచరించినది వేరు. మస్జిదులో సయ్యద్ ప్రక్కన భుజానికి భుజం ఆనించి నిలిచిన దూదేకులవాడు సలాం తిప్పి బయటకు వచ్చిన తరువాత ఏ అరుగు మీద కూర్చోగలిగాడు, ఎవరి ఇంటికి పిల్లను అడగగలిగాడు, ఏ కచేరీలో కొలువు పొందగలిగాడు అన్నవి చరిత్ర అడగవలసిన ప్రశ్నలు.

ముందుగా వృత్తిని చూద్దాం. పత్తి ఇంటికి వచ్చాక మొదటి పని గింజ తీయడం. ఇది ఎక్కువగా ఆడవారి చేతిపని. తరువాత పురుషుడు పెద్ద విల్లువంటి సాధనాన్ని పట్టి, దాని తంతిని కొయ్యతో కొట్టి, ఆ అదురుకు దూదిని విడదీస్తాడు. అలా ఏకిన దూది ఏకులుగా మారి రాట్నం దగ్గరకు పోతుంది, అక్కడినుండి మగ్గానికి. అంటే నారాయణపేట నేతకైనా, ఊరి మాల నేతగాని ముతక దుప్పటికైనా ఈ విల్లు చప్పుడు లేకుండా మొదలు లేదు. ఇంత అవసరమైన పని చేసినవానికి దక్కిన గౌరవం మాత్రం స్వల్పం. దూది నుసి ఒంటినిండా పడినవాడు, భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగేవాడు, హిందువులకు సగం తురక, తురకలకు సగం హిందువు. ఇంట్లో భాష తెలుగు. పేర్లు హుస్సేనప్ప, ఫకీరప్ప, దస్తగిరమ్మ, మస్తానమ్మ. పీర్ల పండుగలో పీరును ఎత్తేవాడు, గుండం త్రవ్వించేవాడు చాలా ఊళ్ళలో ఇతడే. 1909లో వెలువడిన తన గ్రంథంలో థర్‌స్టన్ దొర దూదేకులవారిని ప్రత్యేకంగా వర్ణించాడు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ప్రియశిష్యుడైన సిద్ధయ్య దూదేకుల ఇంటివాడని తెలుగునాట అందరికీ తెలిసినదే. అంతటి ప్రసిద్ధుడు తమ వాడైనందుకు హిందువులు గర్వించారు. ముస్లిం పెద్దలకు మాత్రం ఆ కుటుంబాలు దీన్ తెలియని వారుగానే కనిపించాయి. దీన్ నేర్పడానికి వారి భాషలో ఎవరు ఏమి వ్రాశారన్న ప్రశ్న పుట్టడానికి చాలాకాలం పట్టినది. ఖురాన్‌కు తొలి తెలుగు అనువాదాలలో ఒకదానిని చేసినవారు చిలుకూరి నారాయణరావుగారు అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. లద్దాఫ్, నదాఫ్ అన్న పేర్లు అరబ్బీలో దూదేకువానిని సూచించే నద్దాఫ్ అన్న మాటనుండి వచ్చినవే. అదే అర్థంగల మరొక అరబ్బీ పదం హల్లాజ్. బగ్దాదులో 922లో ఉరికంబమెక్కిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నది ఈ వృత్తే. వక్ఫ్ చట్టంపై ప్రామాణిక గ్రంథం వ్రాసిన హనఫీ న్యాయవేత్త అబూబక్ర్ ఖస్సాఫ్ పేరుకు అర్థం చెప్పులు కుట్టేవాడు. ఖురాన్ శాసనాలపై వ్యాఖ్య వ్రాసిన జస్సాస్ పేరు సున్నం పనినుండి, షాఫియీ పండితుడు ఖఫ్ఫాల్ పేరు తాళాల పనినుండి వచ్చాయి. తొలి శతాబ్దాలలో పండితుడు తన వృత్తినామాన్ని దాచుకోలేదు, గ్రంథం మొదటి పుటపై ధరించాడు. బగ్దాదులో బిరుదుగా వెలిగిన మాట దక్కనులో ఎందుకు తిట్టుగా మారినది? పని మారలేదు. పనిని చూసే కన్ను మారినది.

ఆ కన్ను పూర్తిగా హిందూ సమాజంనుండి అరువు తెచ్చుకున్నదని చెప్పి తప్పించుకోవడం సులభం. మన రచయితలు అనేకులు ఆ పనే చేశారు. కాని ఫిఖ్‌హ్ గ్రంథాలలో నికాహ్ ప్రకరణం తెరిస్తే కఫాఅత్ అన్న అధ్యాయం కనబడుతుంది. వధూవరులు అంతస్తులో సమానులుగా ఉండాలన్న నియమమిది. హనఫీ పండితులలో అధికసంఖ్యాకులు వంశం, ఇస్లాంలోకి వచ్చి ఎన్ని తరాలైనది, సంపద, వృత్తి మొదలైనవి ఇందులో లెక్కించారు. ఖురైషులు ఒకరికొకరు సమానులు, తక్కిన అరబ్బులు తమలో తాము సమానులు, అరబ్బేతరులు అరబ్బులకు సమానులు కారు. తానొక్కడే ఇస్లాంలోకి వచ్చినవాడు, తండ్రి తాతలు ముస్లిములైన వానికి సమానుడు కాడు. నేతగాడు, కొమ్ముపెట్టి రక్తం తీసే హజామ్, తోలు పనివాడు క్రింది వరుసలో. బట్టల వర్తకుడు, అత్తరు వర్తకుడు పై వరుసలో. దీనికి ఎదురుగా ఇమాం మాలిక్ దైవభక్తినే సమానత్వానికి కొలతగా తీసుకున్నారు. హనఫీలలోనే కర్ఖీ వంటి పెద్ద పండితుడు ఈ నియమాన్ని అంగీకరించలేదు. ప్రవక్త (స) తన మేనత్త కూతురు జైనబ్‌ను బానిసత్వంనుండి విముక్తుడైన జైద్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. ఆ జైద్ కుమారుడు ఉసామాను పెద్ద పెద్ద సహాబీలున్న సేనకు నాయకునిగా నియమించారు. ఈ దృష్టాంతాలు కూడా ఆ పండితులకు తెలియనివి కావు. రెండు దారులు తెరచి ఉండగా హిందూదేశపు కులీనులు తమకు అనుకూలమైన దారిని ఎంచుకున్నారు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంనుండి ఉర్దూ ఇళ్ళలో పెళ్ళికూతురికి కానుకగా ఇచ్చే ‘బహిష్తీ జేవర్’ గ్రంథంలో కూడా నేతవారు దర్జీలకు సమానులు కారన్న లెక్క చేరినది.

ఈ నియమంలో మరొక అసమానత దాగి ఉంది. కఫాఅత్ తూకం వరునికే గాని వధువుకు లేదు. పై అంతస్తు పురుషుడు క్రింది ఇంటి పిల్లను చేసుకోవచ్చు. పై ఇంటి పిల్ల క్రింది ఇంటికి పోతే సంరక్షకుడు ఖాజీ ముందు అభ్యంతరం చెప్పవచ్చు. అందువలన సయ్యదుల ఇంటికి దూదేకుల పిల్ల రెండవ భార్యగా వెళ్ళిన కథలు పల్లెల్లో వినబడితే ఎవరూ వింతపడలేదు. అల్లునిగా దూదేకుల యువకుడు వెళ్ళిన కథ వినబడదు. వంశగౌరవమంతా స్త్రీ నెత్తిన పెట్టిన బరువు. ఆ బరువు మోయడానికే కొంచెం నిలదొక్కుకున్న కుటుంబం ముందుగా చేసే పని ఆడవారిని పొలంనుండి, గింజ తీసే పనినుండి లోపలికి పంపడం. పరదా ఇక్కడ దీన్‌కంటే హోదాకు గుర్తుగా పనిచేసినది. పరదా పట్టించలేని బీద ఇంటి స్త్రీ కూలికి పోయినందుకు కూడా తక్కువదే అయినది.

జాతిభేదం విషయానికి వస్తే, దానికి దూరదేశాలు వెదకనక్కరలేదు. మక్తల్‌కు తూర్పున, అదే పాలమూరు జిల్లాలో ఉండిన వనపర్తి సంస్థానం చాలు. పందొమ్మిదో శతాబ్ది మధ్యలో వనపర్తి రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్ సిపాయిలతో ఒక అంగరక్షక దళం ఏర్పరచుకున్నాడు. తరువాత అది నిజాం సైన్యంలో చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా పేరుపొందినది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అన్న పేట వారి నివాసమే. వీరిని హబ్షీలు, సిద్దీలు అంటారు. అదే కాలంలో హద్రమౌత్‌నుండి అరబ్బులు కూడా వచ్చి నిజాం కొలువులో, సంస్థానాలలో సిపాయిలుగా, జమేదారులుగా చేరారు. ఒకే సముద్రం దాటి, ఒకే కొలువుకు, ఒకే కలిమా చదువుతూ వచ్చిన రెండు జనాలు. అరబ్బు జమేదారు సాహుకారులకు, జాగీర్దారులకు అప్పులిచ్చేంత ఎత్తుకు ఎదిగాడు. హబ్షీ గుర్రం మీద ఎంత ఠీవిగా కూర్చున్నా కాపలావాడుగానే ఉండిపోయాడు. అహమ్మదునగర రాజ్యాన్ని నిలబెట్టి 1626లో మరణించిన మలిక్ అంబర్ బానిసగా అమ్ముడుపోయిన హబ్షీయే. ఒక మలిక్ అంబర్ పేరు చెప్పి వేలాది హబ్షీల సంగతి మరుగుపరచడం మన చరిత్రకారులకు అలవాటైనది. బిలాల్ (రజి) పేరు చెప్పి నల్లవారిపట్ల మన ప్రవర్తన మరుగుపరచినట్లే.

హైదరాబాదు రాజ్యపు చివరి దశాబ్దాలలో ఈ అంతస్తులకు రాజకీయం మరొక ముసుగు వేసినది. 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వెలసినది. దేశభాషలో ఉన్నతవిద్య అన్న విధంగా అది గొప్ప ప్రయోగం. కాని మక్తల్ దూదేకులవాని ఇంట్లో ఉర్దూ లేదు. తెలుగువాడైనందున తన హిందూ పొరుగువానివలెనే కచేరీ భాషకు అతడు దూరమైనాడు. ముస్లిం అయినందున ఏలుబడిలో అతనికీ వాటా ఉన్నదని లోకం అనుకున్నది. 1940 ప్రాంతంలో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వేదికపైనుండి ‘అనల్ మలిక్’ నినాదం వినిపించినది. ప్రతి ముస్లిమూ పాలకుడే అని దాని భావం. రాజ్యంలో ముస్లిములు నూటికి పదమూడుగురికి మించరు. ఆ పదముగ్గురిలో నిజంగా పాలించినవారు జాగీర్దార్లు, పైగా అమీర్లు, ఉత్తరాదినుండి వచ్చిన ఉద్యోగులు. విల్లు భుజాన వేసుకొని తిరిగేవాడు ఏ భూమికి పాలకుడు?

నినాదం ఫలమివ్వలేదు గాని నిందమాత్రం పంచినది. 1948 సెప్టెంబరు 13నుండి 17వరకు జరిగిన సైనికచర్య తరువాత ప్రతీకారం పల్లెలపై పడినది. ఆ నవంబరు, డిసెంబరు మాసాలలో పర్యటించిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం మృతుల సంఖ్యను తక్కువలో తక్కువ 27 వేలనుండి 40 వేలుగా అంచనా కట్టినది. అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. గుల్బర్గా మక్తల్‌కు పొరుగు జిల్లా. దేవిడీలున్నవారికి హైదరాబాదు నగరం, కొందరికి కరాచీ ఉండెను. పల్లెటూరి పేద ముస్లిముకు పారిపోవడానికి పొరుగు ఊరు తప్ప మరొకటి లేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినపుడు జాగీర్దారుకు పరిహారం నిర్ణయమైనది. జాగీరు కచేరీలో జవాను, లాయంలో సాయిసు, తోటమాలి, వంటవాడు, వీరి జీవనానికి పరిహారం కట్టిన లెక్క ఎక్కడా లేదు. పాలకవర్గమన్న పేరు అందరిదీ, పరిహారం కొందరిది.

దూదేకులవాని వృత్తిని కూల్చినది మాత్రం రాజకీయం కాదు, యంత్రం. 1861నుండి 1865వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం వలన ఇంగ్లండుకు పత్తి అందక దక్కను పత్తికి గిరాకి పెరిగినది. 1871లో బొంబాయినుండి వచ్చిన రైలుమార్గం, మద్రాసునుండి వచ్చిన మార్గం రాయచూరువద్ద కలిశాయి. తరువాతి దశాబ్దాలలో రాయచూరు పత్తి వ్యాపారానికి, జిన్నింగు మిల్లులకు కేంద్రమైనది. మక్తల్ రేగడిలో పండిన పత్తి బండ్లమీద కృష్ణ దాటిపోసాగినది. మొదట పోయినది గింజ తీసే పని, అంటే స్త్రీ సంపాదన. దానిని ఎవరూ సంపాదనగా లెక్కించలేదు గనుక పోయినదని కూడా ఎవరూ వ్రాయలేదు. తరువాత మిల్లు నూలు వచ్చి ఏకుల అవసరం తగ్గినది. విల్లుకు మిగిలినది పరుపులు, దిండ్లు, బొంతల పని. అదీ పెళ్ళిళ్ళ కాలంలోనే. తక్కిన నెలల్లో కూలి. కరువు తరచైన ఆ ప్రాంతంలో మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని దూరదేశాల ఆనకట్టలకు, రోడ్లకు, కట్టడాలకు వలసపోయే పాలమూరు కూలీలలో దళితులు, వెనుకబడిన కులాలవారితోపాటు ఈ ముస్లిములు కూడా కలిశారు. తట్ట మోసేచోట ఎవరి వంశవృక్షమూ ఎవరూ అడగలేదు.

ప్రభుత్వం ఈ వాస్తవాన్ని మన పెద్దలకంటే ముందుగా గుర్తించినది. 1968లో నియమితమైన అనంతరామన్ కమిషన్ సిఫార్సుపై 1970 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినది. అందులో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్‌లు బి వర్గంలోనూ, పాకీపని చేసే ముస్లిం మెహతర్లు ఎ వర్గంలోనూ చేరారు. తక్కిన వృత్తివారి వంతు రావడానికి మరి 37 ఏండ్లు పట్టినది. 2004లో ముస్లిములందరికీ కలిపి ఇచ్చిన 5 శాతం ఉత్తర్వునూ, 2005లో చేసిన చట్టాన్నీ హైకోర్టు కొట్టివేసినది. మతం మొత్తాన్ని ఒక వెనుకబడిన వర్గంగా చూపడం వాటి బలహీనత. అప్పుడు పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో 4 శాతంతో ఇ వర్గం ఏర్పడినది.

ఆ చట్టపు అనుబంధం చదవదగిన చరిత్రపత్రం. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలి, బుడబుడకల ఫకీర్లు, గంట ఫకీర్లు, పాములాడించే గారడీ సాయిబులు, ఎలుగుబంట్లను ఆడించేవారు, హజాములు, లబ్బీలు, ఖురేషీ కసాబులు, షేక్‌లు, సిద్దీ హబ్షీలు, రోళ్ళకు కక్కు కొట్టే తురక కాశలు. ఏ ఫిఖ్‌హ్ గ్రంథమూ ఏ తజ్కిరా గ్రంథమూ పేరెత్తని జనం వీరు. ఫిఖ్‌హ్‌లో గౌరవవృత్తి అయిన అత్తరు అమ్మకం మన పల్లెల్లో వెనుకబాటుకు గుర్తుగా ఉండటాన్ని బట్టి, హోదా అన్నది వృత్తిలో కాక వృత్తిచేసేవాని బీదతనంలో ఉన్నదని తెలుస్తుంది. ఇదే చట్టం మినహాయించినవారి పేర్లు కూడా చెప్పినది: సయ్యద్, ముషాయిఖ్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మేమన్, నవాయత్ మొదలైనవారు. హబ్షీ ఒక జాబితాలో, అరబ్బు మరొక జాబితాలో. వనపర్తి కాలపు వ్యత్యాసం నూటయాభై ఏండ్ల తరువాత చట్టంలో ముద్రితమైనది.

అయ్యో, ముస్లిములను ముక్కలు చేశారని అప్పుడు కొందరు ఆవేదన చెందారు. ముక్కలు చేసినది చట్టమా, లేక ఉన్న ముక్కలకు చట్టం పేర్లు పెట్టినదా? ఐక్యత పేరుతో కులాలను దాచినపుడు కళాశాలలో సీటు, కచేరీలో ఉద్యోగం దక్కేది ముందునుండి చదువున్న ఇంటికే. కక్కు కొట్టేవాని కొడుకుకు ఆ ఐక్యత వల్ల వచ్చిన లాభమేదో చెప్పినవారు లేరు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అయిదుగురి అభిప్రాయంతో ఈ చట్టాన్ని కూడా కొట్టివేసినది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పేర్కొన్న వర్గాలకు దానిని కొనసాగనిచ్చి, వ్యాజ్యాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించినది. తెలంగాణ ప్రభుత్వం 2024 చివరలో జరిపిన కులసర్వే లెక్క ప్రకారం రాష్ట్రజనాభాలో ముస్లిములు 12.56 శాతం; అందులో వెనుకబడిన తరగతుల ముస్లిములు 10.08 శాతం, ఇతరులు 2.48 శాతం. అంటే అయిదుగురు ముస్లిములలో నలుగురు వెనుకబడినవారే. ఆ నలుగురి చరిత్ర మన గ్రంథాలయాలలో ఎన్ని అరలు నింపినదో, ఆ ఒక్కరి చరిత్ర ఎన్ని నింపినదో పోల్చిచూస్తే తెలుస్తుంది.

జాబితాలతో సమస్తం తీరలేదు. బి వర్గంలో దూదేకులవారు గౌడులు, పద్మశాలీల వంటి పెద్ద కులాలతో పోటీపడాలి. చదువు తక్కువైన జిల్లాలో ఆ పోటీ ఎటు తేలుతుందో ఊహించవచ్చు. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలలో అన్నిటికంటే తక్కువ. స్త్రీలలో సగానికి పైగా నిరక్షరాస్యులు. రిజర్వేషను సీటు వరకు నడిచిపోగల ఆడపిల్ల మక్తల్ చుట్టుప్రక్కల పల్లెల్లో ఎన్ని దూదేకుల ఇళ్ళలో ఉంటుంది? ఉన్న ఇంట్లో కూడా కొడుకు ఫీజు తరువాతే కూతురి ఫీజు, అదీ కట్నానికి దాచిన సొమ్ముకు చేటు రాకుంటేనే. భార్యకు భర్త ఇవ్వవలసిన మహర్ కాగితంమీద వాయిదాగా మిగిలి, వధువు తండ్రి ఇచ్చే కట్నం మాత్రం నగదుగా చేతులు మారే ఆచారంలో సయ్యదులకూ దూదేకులవారికీ తేడా లేదు. ఒక్క ఈ విషయంలోనే సంపూర్ణ సమానత్వం సాధించబడినది.

మక్తల్ సరిహద్దు ఊరు గనుక పెళ్ళిసంబంధాలు కృష్ణకు ఇరువైపులా ఉంటాయి. రాయచూరు నదాఫులు, మక్తల్ లద్దాఫులు ఒకే బిరాదరీ. కర్ణాటకలో పింజార, నదాఫులు వెనుకబడిన తరగతులలో మొదటి వర్గం, అందులో సంపన్నశ్రేణి నిబంధన కూడా లేదు. నది దాటి ఈవల అదే బిరాదరీ బి వర్గం. కులధ్రువీకరణ పత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది, పుట్టింటినిబట్టి వస్తుంది. మగవాడు పుట్టిన ఊరిలోనే ఉంటాడు గనుక ఆ చిక్కు అతనికి రాదు. పెళ్ళాడి రాయచూరునుండి మక్తల్ వచ్చిన కోడలు అంగన్‌వాడీ ఉద్యోగానికో, టీచరు పరీక్షకో దరఖాస్తు పెట్టినపుడు, ఆవలి గట్టున తన పుట్టింటివారికి ఉన్న హక్కు ఈవలి గట్టున ఆమెకు లేదు.